ఆరు నెలల ఎదురుచూపులో జన ఔషధి మందులు మాకు ఎంతవరకు ఆసరా అయ్యాయి

మా అన్నయ్యకు 2025 జూన్‌లో పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వచ్చేది. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లు. కుర్రతనంలో పర్లాకిమిడిలో కొమ్ముపని నేర్చుకుని, పశువుల కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చెక్కి ఇల్లు నడిపిన మనిషి కనుక, ఆ చేయి పడిపోయిన రోజునే ఇంటికి వచ్చే రాబడి కూడా ఆగిపోయింది. మేముండేది గజపతి జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక ఊరు. మహేంద్రతనయ ఏటికి ఇవతల మేము, అవతల పాతపట్నం వైపు మా బంధువుల్లో సగం మంది ఉంటాం. ఈ ఎనిమిది తొమ్మిది నెలల్లో ఏటికి రెండు వైపులా జన ఔషధి కేంద్రాలలో, అంటే కంపెనీ పేరుతో కాకుండా మందు అసలు పేరుతో తక్కువ ధరకు అమ్మే ప్రభుత్వ పథకపు దుకాణాల్లో, మందులు కొన్నాను. ఆ మందుల గురించి, ఆ దుకాణాల గురించి, వాటితో పాటు మమ్మల్ని నిలబెట్టిన మరికొన్ని ఉచిత సేవల గురించి, మాలాగే వికలాంగుల సర్టిఫికెట్టు కోసం, పింఛను కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

మందుల దుకాణం గురించి రాస్తూ సర్టిఫికెట్టు సంగతి ఎందుకు తెస్తున్నానంటే, మా విషయంలో ఆ రెండూ విడదీయలేనంతగా ముడిపడి ఉన్నాయి. నరాలకు సంబంధించిన జబ్బుల్లో వైకల్యం ఎంత శాతమో జబ్బు వచ్చిన వెంటనే లెక్క కట్టరు. ఆరు నెలలు గడిచిన తరువాతే కడతారు. తొలి నెలల్లో చేయి, కాలు ఎంతో కొంత తిరిగి వస్తాయి కాబట్టి, చివరికి మిగిలిన లోపం ఎంతో అప్పుడే తెలుస్తుంది. వైద్యం దృష్టిలో అది న్యాయమైన నియమమే. ఆపైన, 2024 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారం దరఖాస్తు అందాక సర్టిఫికెట్టు ఇవ్వడానికి మూడు నెలల గడువు ఉంది. అంతకు ముందు ఆ గడువు ఒక నెలే ఉండేది. పింఛనుకు దరఖాస్తు ఆ తరువాతి మెట్టు. అంటే ఇంట్లో సంపాదించే మనిషి పడిపోయిన రోజు నుంచి ప్రభుత్వ సాయం చేతికి అందే రోజు వరకు సుమారు సంవత్సరం పట్టవచ్చని ముందే లెక్క వేసుకోవాలి.

ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు మాకు డబ్బు ఇబ్బంది రాలేదు. 2025 ఏప్రిల్‌లో ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి మొదలయ్యాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, ఇంట్లోని ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షల వరకు వైద్యం ఉచితం. బరంపురంలో తొమ్మిది రోజుల పడక, స్కానింగు, మందులు అన్నీ ఆ కార్డు మీదే జరిగిపోయాయి. అయితే ఆ కార్డు ఆసుపత్రిలో చేరిన వాళ్ల కోసం. డిశ్చార్జి తరువాత 15 రోజుల మందుల వరకే అది వర్తిస్తుంది. పక్షవాతం వచ్చిన మనిషికి అసలు ఖర్చు పదహారో రోజున మొదలవుతుంది. రోజూ మింగవలసిన అయిదారు రకాల బిళ్ళలు, వారానికి మూడు సార్లయినా చేయించవలసిన ఫిజియోథెరపీ, మూత్రం అదుపులో లేని రోజుల్లో డైపర్లు, నెలనెలా డాక్టరు దగ్గరికి ఆటో ఖర్చు ఉంటాయి. ఒక వైపు 5 లక్షల కార్డు, మరో వైపు ఎప్పుడో రాబోయే పింఛను, మధ్యలో ఈ చిల్లర ఖర్చులు. కుటుంబాలు అప్పుల్లో దిగబడేది ఈ మధ్యలోనే. జన ఔషధి కేంద్రం విలువను నేను ఈ మధ్యకాలంలో పెట్టి చూస్తున్నాను.

మొదటి రెండు నెలలూ మేము మామూలు మందుల షాపులోనే కొన్నాం. రక్తం గడ్డ కట్టకుండా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, కొలెస్టరాల్‌కు అటోర్వాస్టాటిన్, బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిసిన బిళ్ళ, షుగరుకు మెట్‌ఫార్మిన్, పొట్టలో మంట రాకుండా పాంటోప్రజోల్. అన్నీ కలిపి నెలకు 1,700 రూపాయల పైమాటే. మూడో నెల మొదట్లో ఒక రోజు ఊరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో బీపీ చూపిస్తే 180కి 110 ఉంది. బిళ్ళలు మానలేదు కదా అని నేను వదినను అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మందుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నెల తిరిగే సరికి అయిపోయి ఉండవలసిన షీట్లలో సగానికి సగం బిళ్ళలు అలాగే ఉన్నాయి. రోజు విడిచి రోజు ఇస్తోంది. "ఒక షీటు ఇరవై రోజులు వస్తే ఆ డబ్బుతో బియ్యం తెచ్చుకోవచ్చు కదా అనుకున్నానమ్మా" అంది. రెండోసారి పక్షవాతం రాకుండా కాపాడే మందు అదే. దాన్నే మేము పొదుపు చేస్తున్నాం. ఆ మాట విన్న రోజు ఆమె మీద కోపం రాలేదు గానీ, ఆ రెండు నెలలూ కనుక్కోకుండా ఉన్నందుకు నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు పాత షీట్లన్నీ సంచిలో వేసుకుని జన ఔషధి కేంద్రానికి వెళ్ళాను. ఫార్మసిస్టు ఒక్కొక్క షీటును వెనక్కి తిప్పి, కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న వరుసను వేలితో చూపించి, "అమ్మా, పైపేరు చూడకండి, ఈ చిన్న అక్షరాలు చూడండి. మందు ఇదీ. పక్కనున్న అంకె ఎన్ని మిల్లీగ్రాములో చెబుతుంది. ఈ రెండూ కలిస్తే అదే మందు" అని చెప్పారు. ఒక తెల్ల కాగితం మీద ఏడు మందుల అసలు పేర్లు, మిల్లీగ్రాములు రాసిచ్చి, డాక్టరుగారికి చూపించి ఆ పేర్లతోనే చీటీ రాయించుకు రమ్మన్నారు. డాక్టరుగారు అయిదు నిమిషాల్లో రాసిచ్చారు. నెల మొత్తానికి ఆ ఏడు మందులూ 400 రూపాయల లోపే వచ్చాయి. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనక ప్లాస్టరు అంటించుకున్నాను.

ధర ఇంత తక్కువైతే మందు పని చేస్తుందా అనే అనుమానం మా ఇంట్లో అందరికీ వచ్చింది, రావడంలో తప్పు లేదు. 2008 నవంబరులో మొదలైన ఈ పథకంలో ఒక మందు ధరను, అదే మందు అమ్మే మొదటి మూడు బ్రాండ్ల సగటు ధరలో సగానికి మించకుండా నిర్ణయిస్తారు. చాలా మందులు అంతకంటే బాగా తక్కువకే, అంటే బయటి ధర కంటే 50 నుంచి 90 శాతం తక్కువకు దొరుకుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మంచి తయారీ పద్ధతులకు ధ్రువీకరణ ఉన్న కంపెనీల దగ్గరే కొంటారు, వచ్చిన ప్రతి బ్యాచినీ గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షిస్తారు. ప్రకటనలు, మెడికల్ రిప్రజెంటేటివుల ఖర్చు లేకపోవడం వల్లనే ధర తగ్గుతోంది. ఇవన్నీ చదివి తెలుసుకున్న మాటలు. కళ్ళతో చూసినది చెప్పాలంటే, మందులు మార్చిన ఆరు వారాలకు అన్నయ్య బీపీ 136కి 84కు వచ్చింది, ఆ తరువాత 140 దాటడం నేను చూడలేదు. దీనికి మందు ఎంత కారణమో, రోజూ తప్పకుండా వేయగలగడం ఎంత కారణమో నేను విడదీసి చెప్పలేను. రోజూ వేయగలిగింది మాత్రం ధర తగ్గినందువల్లే.

పెద్దవాళ్ల డైపర్లు కూడా ఈ కేంద్రాల్లో దొరుకుతాయని చాలామందికి తెలియదు. మొదటి మూడు నెలలూ మాకు మందుల తరువాత పెద్ద ఖర్చు అదే. సిగ్గుపడి అడగకపోవడం వల్ల మేము అనవసరంగా ఎక్కువ డబ్బు పోశాం.

ఇక లోపాల సంగతి. మొదటిది, మాకు ఇచ్చిన షీట్లు చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. తెలుగూ ఒడియా మాట్లాడగలిగినా చదువు పెద్దగా లేని మా వదినకు, ఇంగ్లీషు అక్షరాల పొడుగు పేర్లు ఒకదానికీ మరొకదానికీ తేడా తెలిసేలా లేవు. మొదటి వారంలో ఒకసారి రాత్రి వేయవలసిన అటోర్వాస్టాటిన్‌కు బదులు షుగరు బిళ్ళ రెండోసారి ఇవ్వబోయి ఆగింది. అప్పుడు ఆమె పాత చీర అంచుతో మూడు జేబుల సంచి కుట్టింది. ఉదయం జేబుకు ఎర్ర దారం, మధ్యాహ్నానికి పచ్చ దారం, రాత్రికి నల్ల దారం. మందులు రాగానే నేను షీట్లను కత్తిరించి, ఏ జేబులో పెట్టవలసినవి ఆ జేబులో పెడతాను. కత్తిరించేటప్పుడు మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కను చివరిదాకా ఉంచుకోవాలని ఫార్మసిస్టు చెప్పారు. మేము అలాగే చేస్తున్నాం. ఇంకొక చిక్కు, షీటు రేకును నొక్కి బిళ్ళ బయటికి తీయడానికి రెండు చేతులూ కావాలి. ఒక చేయి పడిపోయిన మనిషి ఆ పని ఒంటరిగా చేసుకోలేడు. ఇది ఏ కంపెనీ మందుకైనా ఉన్న ఇబ్బందే గానీ, అన్నయ్యను అన్నిటికంటే ఎక్కువ కుంగదీసింది ఇదే. సన్నటి రంపంతో కొంగ ముక్కు తీర్చిన చేతితో ఒక బిళ్ళ తీయలేకపోయానని ఒక రోజు షీటు గోడకేసి కొట్టాడు.

రెండో లోపం పెద్దది. అన్ని మందులూ అన్ని వేళలా ఉండవు. నేను వెళ్ళే దుకాణాల్లో ఒకదానిలో అక్టోబరు నెలలో బీపీ జంట బిళ్ళ పదకొండు రోజులు రాలేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అన్నారు గానీ, మాకు సరుకు అయిపోయే ముందే చెప్పి ఉంటే బాగుండేది. రెండు మందులు విడివిడిగా ఉంటే ఇవ్వవచ్చునని డాక్టరుగారు ఫోనులో చెప్పాక, ఏరు దాటి మరో కేంద్రంలో విడి బిళ్ళలు తెచ్చాను. ఆ నెల ఆటోకు, బస్సుకు అయిన ఖర్చుతో మందుల ఆదాలో కొంత పోయింది. అప్పటి నుంచి షీటులో పది బిళ్ళలు మిగిలి ఉండగానే కొనడానికి వెళ్తున్నాను. జన ఔషధి సుగం అనే యాప్‌లో దగ్గరి కేంద్రాలు, మందుల ధరలు కనిపిస్తాయి. బయలుదేరే ముందు దాన్ని చూసి, ఆపైన దుకాణానికి ఫోను చేసి కూడా అడగడం మంచిది. ఫిట్స్ మందు వాడేవాళ్లు మాత్రం ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి తమంతట తాము మారకూడదు, డాక్టరుకు చెప్పే మారాలి. ఈ మాట నాకు ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చెప్పారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జన ఔషధి కేంద్రానికి వెళ్ళే ముందే ప్రభుత్వ ఆసుపత్రిలో అడగాలి. ఒడిశాలో 2015 నుంచి నిరామయ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు. ఆరోగ్య మందిరంలో బీపీ, షుగరు కార్డు రాయించుకుంటే వాటి బిళ్ళలు ఉచితంగా దొరుకుతాయి. మేము ఈ సంగతి నాలుగో నెలలో తెలుసుకున్నాం. ఇప్పుడు మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్ అక్కడ ఉన్నప్పుడు అక్కడే తీసుకుని, మిగిలినవి మాత్రమే కొంటున్నాం. పేరు విషయంలో ఒక తికమక ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు నడిపే ఆరోగ్య బీమా పేరు కూడా నిరామయే. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇచ్చే బీమా. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే థెరపీలు కూడా అందులో ఉంటాయి. పక్షవాతానికి అది వర్తించదు. మా వీధిలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక బాబు తల్లి, నిరామయ అంటే ఆసుపత్రి మందులే కదా అనుకుని ఇన్నేళ్లూ ఆ బీమా సంగతి ఎవరినీ అడగలేదు.

ఫిజియోథెరపీ గురించి కాస్త ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే మందు రెండోసారి జబ్బు రాకుండా ఆపుతుంది గానీ పడిపోయిన చేతిని లేపేది ఇదే. ఇంటికి వచ్చి చేయిస్తామన్న ఒక ప్రైవేటు ఆయన పూటకు 300 రూపాయలు అడిగారు. పదిహేను పూటలయ్యాక మేము మానుకున్నాం. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ విభాగంలో ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆటోకు రానూ పోనూ 120 రూపాయలయ్యేది కనుక వారానికి రెండు సార్లే వెళ్ళగలిగాం. ఆ సంగతి చెబితే అక్కడి ఫిజియోథెరపిస్టు, "మీరు రాని రోజుల్లో ఇంట్లో చేయించేది వదినగారే కదా, అయితే నేను నేర్పవలసింది ఆమెకు" అని, మూడు వారాల పాటు అన్నయ్య చేతిని ఆమె చేతిలోనే పెట్టి నేర్పారు. భుజం కింద చేయి ఎలా ఆనించాలో, వేళ్లు ముడుచుకుపోకుండా ఒక్కొక్క వేలునూ ఎలా తెరవాలో, నొప్పి అన్నప్పుడు ఎక్కడ ఆగాలో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు. అన్నయ్య వృత్తి ఏమిటని అడిగి, ఇంటి నుంచి ఆయన వాడే ఆకురాయి తెమ్మన్నారు. పిడికి గుడ్డ చుట్టి లావు చేసి, కుడి గుప్పిట్లో పెట్టి, బల్ల మీద ముందుకూ వెనక్కూ జరపమన్నారు. మొదటి రోజు నాలుగు సార్లు జరిపి చెమటలు పట్టి ఆపేశాడు. రెండు నెలలకు గుడ్డ చుట్లు సగం తగ్గించాం.

ఓపీలో వరుసలో నిలబడలేని మనిషిని తీసుకువెళ్ళేవారు తెలుసుకోవలసినది మరొకటి ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ వైకల్యం ఉన్నవారిని ముందుగా చూసి వైద్యం చేయాలని చెబుతుంది. సర్టిఫికెట్టు ఇంకా రాని మనిషి విషయంలో అడగడానికి నాకు జంకుగా ఉండేది. డిశ్చార్జి కాగితం చూపించి మర్యాదగా అడిగితే చాలా చోట్ల పక్కన కుర్చీ వేసి ముందే పిలిచారు.

సర్టిఫికెట్టు ప్రయత్నాల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది కాగితాల ఆలస్యం కాదు, ఒక సలహా. వైకల్యం శాతం తేల్చే డాక్టర్ల బోర్డు ముందుకు వెళ్ళేదాకా కసరత్తులు ఆపేయండి, చేయి కదలకపోతే శాతం ఎక్కువ వేస్తారు, 80 దాటితే పింఛను ఎక్కువ వస్తుంది అని మేలు కోరే వాళ్లే ముగ్గురు చెప్పారు. లెక్క చూస్తే ఆశ పుట్టే మాటే. ఒడిశాలో మధుబాబు పింఛను 80 శాతం, అంతకు పైన వైకల్యం ఉన్నవారికి 2025 జనవరి నుంచి నెలకు 3,500 రూపాయలు. ఆ లోపు ఉంటే అంతకంటే చాలా తక్కువ. ఏటికి అవతల మా చిన్నాన్న కొడుకుకు ఆంధ్రలో సదరం సర్టిఫికెట్టు మీద నెలకు 6,000 వస్తోంది. ఒడిశాలో ఆ రెండు మొత్తాల మధ్య ఉన్న తేడా మా ఇంటికి చిన్నది కాదు. కానీ తొలి ఆరు నెలల్లో తిరిగి రాగలిగిన చేయి ఆ తరువాత అంత త్వరగా రాదు. ఆ కదలికను పింఛను కోసం తాకట్టు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. అన్నయ్య అంతకంటే గట్టిగా ఒప్పుకోలేదు. మాట సరిగా రాని ఆ రోజుల్లోనే, "చెయ్యి... ముందు" అన్నాడు. ఆ రెండు మాటల తరువాత ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తలేదు.

దరఖాస్తు నవంబరులో ఆన్‌లైన్లో, స్వావలంబన్ పోర్టల్‌లో చేశాం. ఆధార్, చిరునామా రుజువు, ఫొటో, సంతకం చేయలేని వారికి వేలిముద్ర ఉంటే సరిపోతుంది. చదువుకున్న పిల్లవాడు ఎవరైనా ఇంట్లో కూర్చుని చేయగలిగిన ఈ పనికే, బోర్డులో మనిషి ఉన్నాడు, సర్టిఫికెట్టు ఇప్పిస్తానంటూ ఒక దళారి 6,000 రూపాయలు అడిగాడు. దరఖాస్తుకు రుసుము లేదు, ఎవరికీ ఇవ్వనక్కరలేదు. సొంత జిల్లాలోని అధికారికి గానీ, ఆ వైకల్యానికి వైద్యం చేసిన ప్రభుత్వ ఆసుపత్రికి గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకసారి ఇచ్చిన సర్టిఫికెట్టు దేశమంతటా చెల్లుతుందని చట్టంలోనే ఉంది. బ్లాకుల్లో జరిగే భీమభోయి భిన్నక్షమ సామర్థ్య అభియాన్ శిబిరాల్లో పరీక్ష, దరఖాస్తు, ఉపకరణాల పని ఒకే చోట జరుగుతాయి కనుక, శిబిరం తేదీ పంచాయతీలో కనుక్కోవడం మంచిది.

సరిహద్దు తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేర్లది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడి కాగితాల్లో ఇంటిపేరు చివరికి వెళుతుంది, అక్షరాలు కూడా ఒడియా ఉచ్చారణ ప్రకారం మారుతాయి. అన్నయ్య ఆధార్‌లో ఒక విధంగా, రేషను కార్డులో మరో విధంగా, మొదటి రోజు ఏటికి అవతల చూపించిన చీటీలో ఇంకో విధంగా పేరు ఉంది. ఒక కార్యాలయంలో ఈ మూడూ ఒకే మనిషివని నమ్మించడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆసుపత్రిలో చేరే రోజునే ఆధార్‌లో ఉన్నట్టుగా పేరు రాయించుకుంటే ఈ బాధ తప్పుతుంది. జన ఔషధి బిల్లు మీద కూడా నేను ఇప్పుడు ఆధార్ పేరే రాయించుకుంటున్నాను. బిల్లులు సర్టిఫికెట్టుకు అక్కరలేదు గానీ, వైద్యం ఆగకుండా సాగుతోందని చూపించే వరుస కాగితాలు బోర్డు ముందు కూర్చున్నప్పుడు మాకు ధైర్యాన్నిచ్చాయి.

బోర్డు పరీక్ష జనవరిలో జరిగింది. డాక్టర్లు చేయి పైకెత్తమన్నారు, చొక్కా గుండీ పెట్టుకోమన్నారు, పది అడుగులు నడిపించారు, పెన్ను పట్టుకోమన్నారు. అన్నయ్య చేయగలిగినదంతా చేసి చూపించాడు, ఏదీ దాచలేదు. 60 శాతం వేశారు. వికలాంగుల గుర్తింపు కార్డు 40 నుంచి 79 శాతం వరకు పసుపు, 80, ఆపైన నీలం, 40 లోపు తెలుపు. మాది పసుపు కార్డు. 40 శాతం దాటినందువల్ల ఉపకరణాలకు అర్హత వచ్చింది. నెలసరి ఆదాయం 22,500 రూపాయలు మించనివారికి కేంద్ర పథకంలో చేతికర్ర, చక్రాల కుర్చీ వంటివి పూర్తి ఉచితం. మధుబాబు పింఛనుకు దరఖాస్తు ఇచ్చాం. ఇక్కడ పింఛను ఇచ్చేది ప్రతి నెలా 15న; మా పేరు ఇంకా జాబితాలోకి రాలేదు.

అయిదు మార్కులకు జన ఔషధి మందులకు నేను నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్క మార్కూ సరుకు లేని ఆ పదకొండు రోజులకూ, పేర్లు పోల్చుకోలేని షీట్లకూ. షీటు మీద ఉదయమా, రాత్రా అని ఒక బొమ్మ వేసినా, స్థానిక భాషలో పేరు పెద్దగా అచ్చు వేసినా, మా వదిన లాంటి వాళ్లు ఎందరో ఇంకొకరి మీద ఆధారపడకుండా మందు ఇవ్వగలుగుతారు. ధరకూ, మందు పనితనానికీ, ఓపికగా చెప్పిన ఫార్మసిస్టుకూ వంక పెట్టడానికి ఏమీ లేదు. పింఛను మంజూరై నెలకు 1,000 రూపాయలే వచ్చాయనుకున్నా, అందులో మందులకు 400 లోపే పోతుంది. పాత షాపులోనే కొంటూ ఉంటే పింఛను మొత్తం ఇచ్చినా ఇంకా 700 అప్పు చేయవలసి వచ్చేది.

ఈ నెల మందులకు వచ్చే మంగళవారం వెళ్ళాలి, షీట్లలో పదేసి బిళ్ళలు మిగిలి ఉన్నాయి. నిన్న రాత్రి నేను అక్కడే ఉన్నాను. అన్నయ్య నల్ల దారం జేబులోంచి షీటు తానే తీసుకుని, ఎడమ చేత్తో మోకాలి మీద అదిమిపట్టి, కుడి బొటనవేలితో రేకును నొక్కాడు. మొదటి బిళ్ళ కిందపడి మంచం కిందికి దొర్లింది. రెండోది అరచేతిలోకి వచ్చింది. వదిన నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడింది గానీ, సాయం చేయడానికి ముందుకు రాలేదు.